దేవుడి మీద వదలాలా, దేవుడికి వదలాలా?

సందేహం: మాది ఒడిశాలోని రాయగడ. మా వీధి భజన మందిరంలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతున్నాం. గోడ మీద రాయించడానికి ఒక ఒడియా కరపత్రంలోని మాటల్ని ఇలా తెలుగు చేశాం: "చింతను వెళ్లనివ్వండి. దేవుడికి లొంగిపోండి. ఫలితాన్ని దేవుడి మీద వదిలేయండి." పెద్దవాళ్లు చదివి నవ్వారు. తప్పెక్కడుంది? "దేవుడి మీద భారం వేయడం", "దేవుణ్ణి నమ్ముకోవడం" కూడా ఇదే అర్థమా? మా అమ్మమ్మ "దేవుడికొగ్గేయ్" అంటుంది. అలా రాయవచ్చా?

సమాధానం: పెద్దవాళ్లను నవ్వించింది బహుశా మూడో వాక్యం. తెలుగులో ఒకరి మీద వదిలేది కుక్కను, లేదా బాణాన్ని. "మనుషుల్ని మా మీదికి వదిలాడు" అన్నా కొట్టించడానికే. "ఫలితాన్ని దేవుడి మీద వదిలేయండి" అంటే ఫలితాన్ని పాపం దేవుడి మీదికి ఉసిగొల్పినట్టుంది. ఆ 'మీద' ఒడియాలోని 'ఉపరే' నుంచి దిగింది. 'భగబానంక ఉపరే ఛాడిదిఅ' అక్కడ నిక్షేపమైన వాక్యం. హిందీలోనూ 'పర్' అనే అంటారు. తెలుగులో వదలడానికి 'కి' కావాలి: దేవుడికి వదిలేశాం. 'మీద' ఉంచాలనుకుంటే క్రియ మార్చాలి: దేవుడి మీద భారం వేశాం. ఈ జంటల్ని అటూ ఇటూ మార్చకూడదు.

'లొంగిపోండి' కూడా ఒడియా ప్రభావమే. ఒడియాలో ఆత్మసమర్పణ అన్న ఒక్కమాట భక్తుడికీ సరిపోతుంది, ఆయుధాలు అప్పగించిన మావోయిస్టుకీ సరిపోతుంది. రాయగడ, కొరాపుట్ వార్తలు చదివేవారికి ఇది కొత్త కాదు. తెలుగు ఈ రెంటినీ విడదీసింది. పోలీసులకు లొంగిపోతారు, దేవుణ్ణి శరణు వేడతారు. లొంగడంలో ఎదుటివాడి బలం ముందు వంగడం ఉంది. శరణులో ఆశ్రయం ఉంది. సంస్కృత నిఘంటువు అమరకోశం 'శరణం' అన్న మాటకు ఇల్లు, రక్షకుడు అని రెండర్థాలు చెప్పింది. ఇంట్లోకి వెళ్లడాన్ని లొంగిపోవడం అనం కదా.

'వెళ్లనివ్వండి' సంగతి త్వరగా తేల్చేద్దాం. తెలుగులో '-నివ్వు' అనుమతి చెబుతుంది. చింత గుమ్మంలో నిలబడి సెలవడుగుతున్నట్టుంది ఈ వాక్యం. బెంగ మనం పెట్టుకునేది, దిగులు మనం పడేది. కాబట్టి 'బెంగ మానండి', 'దిగులు పడకండి' చాలు.

మీ ప్రశ్నలో అసలు సారం ఉన్నది 'భారం వేయడం' దగ్గర. ఈ పలుకుబడి వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందో గమనించండి. "దేవుడి మీద భారం వేసి నాట్లు వేశాం." "దేవుడి మీద భారం వేసి ఆపరేషన్ చేయించాం." "దేవుడి మీద భారం వేసి పరీక్ష రాశాను." ఎక్కువగా 'వేసి' అన్న అసమాపక (వాక్యాన్ని ముగించని) రూపంలో వస్తుంది, వెనకాలే ఒక పని వస్తుంది. నాటేది మనమే, రాసేది మనమే. మోయలేని బరువును మాత్రం పక్క భుజానికి మార్చాం. 'దేవుడికి వదిలేశాం' అలా కాదు. అది వాక్యం చివర వస్తుంది: "డాక్టర్లు చేతులెత్తేశారు, ఇక దేవుడికి వదిలేశాం." 'వదిలి'కి చేరిన 'వేయు' పని పూర్తయిందని చెబుతుంది, ఆ తర్వాత చేయడానికి ఏమీ మిగలదు. అందుకే పని ఇంకా చేతిలో ఉన్నవాడికి "దేవుడికి వదిలేయ్" అంటే సోమరితనం నేర్పినట్టుంటుంది. అతనికి చెప్పాల్సింది 'భారం వేసి చెయ్' అని. పరీక్ష రాసేసి, ఫలితాల కోసం నిద్ర మానుకున్న పిల్లకైతే 'వదిలేయ్' సరిగ్గా అతుకుతుంది. ఇక్కడ 'మోపు' వాడితే మళ్లీ పేచీ. భారం మోపడమంటే ఎదుటివారి ఇష్టంతో పనిలేకుండా నెత్తిన పెట్టడం. అది ప్రజల మీద పన్నులు వేసేవారి పని.

నమ్మడం, నమ్ముకోవడం ఒకటి కావు. "అతని మాట నమ్మాను" అంటే నిజమనుకున్నాను, అంతే. "అతన్ని నమ్ముకున్నాను" అంటే నా బతుకు అతని మీద ఆనించాను. రైతు వానను నమ్ముకుంటాడు. 'కొను' చేరగానే లాభనష్టాలు కర్తకు అంటుకుంటాయి. అదే 'కొను' 'వదులు'కు చేరితే అర్థం తిరగబడుతుంది: 'వదులుకున్నాను' అంటే పోగొట్టుకున్నాను. 'ఆశకు నీళ్లొదులుకున్నాడు' మరీ ఘోరం, అది నువ్వులూ నీళ్లూ వదలడం. గోడ మీద 'ఆశ వదులుకోండి' అని రాయించకండి.

శరణు వేడడానికి, అంటే శరణాగతికి, శ్రీవైష్ణవులు ఆరు అంగాలు చెబుతారు. అనుకూలంగా నడవాలన్న సంకల్పం, ప్రతికూలమైనవి మానడం, రక్షిస్తాడన్న విశ్వాసం, రక్షించమని నోరు తెరిచి అడగడం, ఆత్మనిక్షేపం, కార్పణ్యం. మొదటి రెండూ మనిషి చేయాల్సిన పనులేనని గమనించండి. నిక్షేపమంటే ఒకరి దగ్గర భద్రంగా దాచమని ఇచ్చినది. 'నిక్షేపంలా ఉన్నాడు' అన్న మన మాట దీన్నుంచే వచ్చింది. పెళ్లి అప్పగింతల్లో పాలల్లో ముంచిన అమ్మాయి చేతిని అత్తగారి చేతిలో పెడతారే, అది నిక్షేపానికి మంచి బొమ్మ. పిల్లను వదులుకోలేదు, అప్పగించారు. ఇక కార్పణ్యమంటే తన చేతకానితనాన్ని ఒప్పుకునే దైన్యం. పత్రికలు 'కక్షలు, కార్పణ్యాలు' అని జతకట్టి దాన్ని పగగా మార్చేశాయి. ఆరో అంగం పిల్లలకు చెప్పేటప్పుడు ఈ తేడా ముందే చెప్పకపోతే శరణాగతికి పగ కావాలా అని అడుగుతారు.

ఎలాగూ గోడ రాయిస్తున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. గజేంద్రుడి పద్యంలోని 'నీవే తప్ప నితఃపరంబెరుగ' చాలా మందిరాల్లో కనిపిస్తుంది, పిల్లలు 'నితఃపరం' అంటే ఏమిటని అడుగుతారు. ఆ మాట లేదు. తప్పన్ + ఇతఃపరంబు + ఎరుగ. ఆ నకారం 'తప్ప' చివరి ద్రుతం, అంటే తర్వాతి అచ్చుతో కలిసిపోయే 'న్'. నీవు తప్ప ఇంకొకటి ఎరగను అని అర్థం.

మీ మూడు వాక్యాలు నా చేతికిస్తే ఇలా రాస్తాను: "బెంగ మానండి. దేవుడి మీద భారం వేసి పని చేయండి. ఫలితం దేవుడికి వదిలేయండి."

అమ్మమ్మ మాట దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు 'ఒగ్గేయ్' అంటే వదిలేయ్. కావ్యభాషలో 'ఒగ్గు' అంటే చాచడం, అప్పగించడం: దోసిలి ఒగ్గడం, చెవి ఒగ్గడం, తలొగ్గడం. గోడ మీద రాస్తే ఉత్తరాంధ్రవారు 'వదిలేయ్' అని చదువుతారు, కావ్యాలు చదివినవారికి 'దోసిలి పట్టు' అన్నది కూడా వినిపిస్తుంది. రెండూ మీకు కావలసిన అర్థాలే. మీ పక్క జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనం నోటి తెలుగు రాతకెక్కాలనే పోరాడారు. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసింది గానీ, అక్కడి తెలుగు చెరిగిపోలేదు. నిస్సంకోచంగా రాయించండి, అయితే 'దేవుడికి ఒగ్గేయ్' అని విడదీసి. 'దేవుడికొగ్గేయ్' అని కలిపి రాస్తే చిన్నపిల్లలు 'కొగ్గేయ్' అని చదువుతారు.