వస్త్రాల గ్యాలరీలో పిల్లలు ఆగాలంటే

టీచర్ గారూ, సాలార్‌జంగ్ మ్యూజియంలో మీ ఏడో తరగతి పిల్లలు గంట కొట్టే గడియారం దగ్గరే ఉండిపోతున్నారని, వస్త్రాల గ్యాలరీని రెండు నిమిషాల్లో చుట్టేస్తున్నారని రాశారు. తప్పు పిల్లలది కాదండీ. బట్టను ఎవరైనా ముట్టుకునే చూస్తారు. అక్కడేమో అద్దం అడ్డం. అందుకే ముట్టుకునే పని ముందురోజు క్లాసులోనే కానిచ్చేయండి.

ఒక పోచంపల్లి ఇక్కత్ ముక్క, అదే డిజైన్ అచ్చేసిన మిల్లు గుడ్డ ఒకటి తీసుకెళ్లండి. రెండూ తిరగేసి చూడమనండి. అచ్చు గుడ్డ వెనకవైపు సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది. ఇక్కత్ రెండువైపులా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే నేతకు ముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతారు. బొమ్మ అంచు కాస్త చెదిరినట్టుండేదీ అందుకే. ఏది అసలో పిల్లలే పట్టేస్తారు!

పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డ దొరికితే వాసన చూడనివ్వండి. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నానబెడతారు కాబట్టి ఆ వాసన పట్టి ఉంటుంది. ఒకప్పుడు ఈ రుమాళ్ల మీద విమానాలు, గడియారాలు కూడా నేశారని చెప్పండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

గ్యాలరీలో అన్నీ చూపించొద్దు. ఇద్దరికి ఒక బట్ట చాలు. పెన్సిల్‌తో పది నిమిషాలు బొమ్మ గీయమనండి. ఎవరు తొడుక్కున్నారు, ఎక్కడ ఎక్కువ అరిగింది, చిరుగు కుట్టారా అని వెతకమనండి. లైట్లు ఎందుకు తక్కువని అడిగితే, వెలుతురుకు రంగులు వెలిసిపోతాయని చెప్పండి. పిల్లలతో ఆ బట్టల వేషాలు వేయించాలనుకుంటే, అది స్కూలుకొచ్చాక పెట్టుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, తేదీ చూసుకోండి.