చెదల పేగుల మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్ చదువుతోంది. చెదల పేగుల్లోని సూక్ష్మజీవుల మీద ప్రాజెక్టు చేసి, అదే దారిలో వెళ్తానంటోంది. ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తండ్రి, నర్సంపేట

చెదల నిపుణులు కావాలని ఎవరూ ప్రకటన ఇవ్వరండీ. ఉద్యోగం ఇచ్చేది టాపిక్ కాదు, చేతికొచ్చిన పని. స్టెరైల్‌గా పనిచేయడం, ఆక్సిజన్ తగలకుండా బ్యాక్టీరియాను పెంచడం, డీఎన్ఏ తీయడం, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పద్ధతి): ఈ టాపిక్‌లో ఇవన్నీ నేర్చుకోవచ్చు. చేయనివ్వండి.

కాకపోతే పురుగును ఎంచుకోవడంలోనే దెబ్బతినే ప్రమాదం ఉంది. పొలం గట్ల మీద పుట్టలు పెట్టే ఒడాంటోటెర్మిస్ అనే చెద సులువుగా దొరుకుతుంది. కానీ అది పుట్టలో బూజు పెంచుకుని తినే రకం. కట్టెను అరిగించే కశాభ ప్రోటోజోవా (కొరడాలాంటి తోకలతో ఈదే ఏకకణ జీవులు) దాని పేగులో ఉండవు, ఎన్ని స్లైడులు చూసినా అంతే. వాటి కోసం పాత దర్వాజాలు, దూలాలు తినే కాప్టోటెర్మిస్, హెటెరోటెర్మిస్ వెతకాలి. కదిలిస్తే సైనిక చెద తల నుంచి పాలలాంటి చుక్క వస్తే అది కాప్టోటెర్మిస్ కావచ్చు. గైడ్‌తో ఖాయం చేసుకోవాలి. మందు కొట్టిన కట్టెలోవి వద్దు.

ఈ ప్రోటోజోవాను చూడాలంటే ముందుగా స్లైడు మీద 0.6 శాతం ఉప్పునీటి చుక్క వేసుకోవాలి. శ్రామిక చెద తోక కొసను సన్నటి ఫోర్సెప్స్‌తో లాగితే పేగు బయటికొస్తుంది. వెనక పేగును ఆ చుక్కలోనే చీల్చి, వెంటనే కవర్‌స్లిప్ వేయాలి. మామూలు నీళ్లయితే కణాలు ఉబ్బి పగులుతాయి. గాలి తగిలితే ప్రోటోజోవా కాసేపటికే చస్తాయి. కదలిక ఆగిందంటే ఇంకో పురుగు తీయాల్సిందే. అప్పుడే కుబుసం విడిచిన తెల్లటి పురుగులో ప్రోటోజోవా దొరకవు, వదిలేయాలి.

ప్రోటోజోవాను ల్యాబ్‌లో పెంచుతాననే ఆశ మాత్రం ఇప్పుడే వద్దు, అది పీహెచ్‌డీవాళ్లకే కష్టం. డిగ్రీ ప్రాజెక్టుకు సీఎంసీ అగార్ (ఒక రకం సెల్యులోజ్ కలిపిన జెల్లీ) మీద బ్యాక్టీరియా పెంచి, 0.1 శాతం కాంగో రెడ్ రంగు పోసి, ఉప్పు ద్రావణంతో కడిగి, సెల్యులోజ్ అరిగిన చోట వచ్చే తేట వలయాలు కొలిస్తే చాలు. వలయం వచ్చినంత మాత్రాన కట్టె మొత్తాన్ని అరిగిస్తుందని రాయకూడదు. వైవాలో పట్టుకునేది అక్కడే.

ఎమ్మెస్సీకి కాకతీయ యూనివర్సిటీ అయితే సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయితే సీయూఈటీ-పీజీ ప్రవేశపరీక్ష రాయాలి. జనరల్ వాళ్లకు ఆ తర్వాత పరిశోధనకు పనికొచ్చే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాయాలంటే ఎమ్మెస్సీలో 55 శాతం ఉండాలి. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. డిగ్రీ అవగానే సంపాదన అవసరమైతే హైదరాబాద్ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లు చూడండి. అక్కడ చెదల గురించి అడగరు, మీడియా (సూక్ష్మజీవులు పెరిగే ఆహారం) తయారీ, ప్లేటింగ్ (వాటిని ప్లేట్లలో పెంచడం) అడుగుతారు.