సాయంత్రమైతే ‘ఇంటికి పోతాను’ అంటూ కొట్టే నాన్నగారి గురించి

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్న మీ నాన్నగారు పొద్దు వాలేసరికి ‘మా ఇంటికి పోతాను’ అని తలుపు దగ్గర గొడవ చేస్తున్నారని, అడ్డుపడితే కొడుతున్నారని, మత్తుమాత్ర వేయవచ్చా అని అడిగారు. మాత్ర సంగతి తరువాత. ముందు ఒక నోటు పుస్తకం పెట్టండి.

మా అత్తగారికి అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) అని తెలిసిన రెండో ఏడు మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. ఎప్పుడు, ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది, మీరేం చేశారు, అన్నీ రాయమన్నారు డాక్టరు. పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీసి మొదలుపెట్టాను. ‘అరిచారు’ అని రాస్తే ఏమీ తెలియదు. ‘5.40. ట్యూబులైటు వేశాను. బీరువా వైపు చూసి, ఆవిణ్ణి పంపెయ్యి అన్నారు. చెయ్యి పట్టుకున్నాను, గిల్లారు’ అని రాయాలి. పది రోజుల్లో ఆరుసార్లు గొడవైతే, ఐదుసార్లు లైటు వేయగానే! బీరువా అద్దంలో కనబడే తననే పరాయి మనిషి అనుకునేవారు పాపం. అద్దానికి పాత చీర కట్టాం. చీకటి పడకముందే లైట్లు వేయడం అలవాటు చేసుకున్నాం. సాయంత్రాలు చాలావరకు నెమ్మదించాయి.

ఒకసారి రెండు రోజుల్లోనే మనిషి మారిపోయారు. పగలంతా మగత, రాత్రంతా కేకలు. పాత పేజీల్లో అలాంటిది ఒక్కటీ లేదని చూసి డాక్టరు మూత్రపరీక్ష చేయించారు. ఇన్ఫెక్షన్ అని తేలింది. ఇలా హఠాత్తుగా వచ్చిన మార్పును జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి, వెంటనే చూపించండి. మలబద్ధకం, పంటినొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు కూడా కారణం కావచ్చు.

‘ఇది మనిల్లే కదా’ అని వాదించకండి. నేను వాదించి ఆవిణ్ణి ఏడిపించాను, ఆ బాధ ఇంకా పోలేదు. తరువాత ‘మీ ఇంట్లో బావి ఏ పక్కన ఉండేది అత్తయ్యా?’ అని అడుగుతూ వీధి చివరిదాకా నడిపించి తీసుకువచ్చేదాన్ని. తిరిగొచ్చి గుమ్మం దగ్గర తనే చెప్పులు విడిచేవారు.

ఇక మాత్ర. ఇలాంటి గొడవ తగ్గించడానికి వాడే యాంటీసైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక రోగాలకు ఇచ్చేవి) డిమెన్షియా ఉన్న వృద్ధులకు ప్రాణాపాయం పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. మరీ ప్రమాదకరమైన పరిస్థితిలో డాక్టరు తక్కువ మోతాదులో, కొద్దికాలానికి ఇస్తారు. మందుల షాపులో అడిగి మాత్రం వేయవద్దు. మీకే తట్టుకోలేనంత బాధ అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

రేపు నాలుగింటికి ఆయన ఏం తిన్నారో, మూత్రానికి వెళ్లారో లేదో రాయడంతో మొదలుపెట్టండి.