మాత్ర వేసుకుంటూ ఇంకేం వాడొచ్చు? హషిమోటో థైరాయిడ్‌పై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: ‘థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను, దాంతోపాటు ఫలానాది కూడా మొదలుపెట్టాను, మంచిదేనా?’ వీళ్లందరికీ ఉన్నది హషిమోటో థైరాయిడైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద పడి, దాన్ని కొద్దికొద్దిగా దెబ్బతీసే జబ్బు ఇది. గ్రంథి చేసే హార్మోన్లు టీ4, టీ3; రక్తంలో విడిగా తిరిగే టీ4ను ఫ్రీ టీ4 అంటారు. లెవోథైరాక్సిన్ మాత్ర అంటే బయటి నుంచి ఇచ్చే టీ4. టీఎస్‌హెచ్ మెదడు కింది గ్రంథి పంపే సంకేతం: థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే అది పెరుగుతుంది, ఎక్కువైతే అణుగుతుంది. 1912లో జపాన్ శస్త్రవైద్యుడు హకరు హషిమోటో నలుగురు స్త్రీల గ్రంథుల్లో దీన్ని గుర్తించి రాశారు.

ప్ర: నా వయసు 36. లెవోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములతో టీఎస్‌హెచ్ 2.8కి వచ్చింది. అయినా నీరసం, జుట్టు రాలడం తగ్గలేదు. మూడు నెలలుగా అశ్వగంధ, కెల్ప్ మాత్రలు, సెలీనియం 200 మైక్రోగ్రాములు, జుట్టు కోసం బయోటిన్ 10 మిల్లీగ్రాములు వాడుతున్నాను. ఇప్పుడు టీఎస్‌హెచ్ 0.1, ఫ్రీ టీ4 ఎక్కువ అని వచ్చింది. మోతాదు తగ్గించాలా?

జ: ఈ ఒక్క రిపోర్టు చూసి తగ్గించకండి. గుండె దడ, చేతుల వణుకు, ఆయాసం ఉంటే మాత్రం ఆగకుండా డాక్టరును కలవండి. అవేమీ లేకపోతే ముందు అనుమానించాల్సింది బయోటిన్‌ని. ఒంటికి రోజుకు కావాల్సింది సుమారు 30 మైక్రోగ్రాములు. మీరు వేసుకుంటున్నది 10,000. చాలా ల్యాబుల్లో హార్మోన్ పరీక్షలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకోవడం మీదే నడుస్తాయి. రక్తంలో అదనంగా తిరుగుతున్న బయోటిన్ ఆ పట్టును చెడగొడుతుంది. దాంతో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4, టీ3 ఎక్కువగా కనిపిస్తాయి. ఒంట్లో ఏ మార్పూ లేకుండానే కాగితం మీద హైపర్‌థైరాయిడ్, అంటే హార్మోన్ మితిమీరిన స్థితి, తయారవుతుంది. గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బు కోసం చేసే యాంటీబాడీ పరీక్ష కూడా ఇలాగే తప్పుగా పాజిటివ్ చూపించగలదు.

పరీక్షకు కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపాలని చెబుతారు. మీ మోతాదుకు వారం ఆపండి, అనుమానానికి తావుండదు. ఆ వారం నుంచే అశ్వగంధ, కెల్ప్ కూడా మానేయండి. వారం తర్వాత అదే ల్యాబులో, ఉదయం అదే వేళకు, ఆ రోజు మాత్ర ఇంకా వేసుకోకముందే రక్తం ఇవ్వండి. టీఎస్‌హెచ్ మామూలుగా వస్తే తప్పు బయోటిన్‌ది. అప్పటికీ అణిగే ఉంటే హార్మోన్ నిజంగానే ఎక్కువైందన్నమాట. ఎందుకంటే నిజంగా అణిగిన టీఎస్‌హెచ్ వారంలో లేవదు, వారాలు పడుతుంది. మోతాదు సంగతి డాక్టరుతో మాట్లాడాల్సింది అప్పుడు.

అప్పుడు వేలు చూపించాల్సింది అశ్వగంధ వైపు. అది కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది. అది వాడుతూ హార్మోన్ మితిమీరి ఆసుపత్రి పాలైన కేసులు, కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ‘థైరాయిడ్‌కు మంచిది’ అని అమ్మేది ఈ గుణం చూపించే. మాత్రతో హార్మోన్ ఇప్పటికే సరిపోయినవాళ్లకు అదే గుణం దోషం. కళ్లు, చర్మం పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా కాలేయ పరీక్ష చేయించుకోండి.

కెల్ప్ సముద్రపు నాచు. నిండా అయోడిన్. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. కెల్ప్ మాత్రలో ఎంత ఉందో సీసా మీది అంకెను నమ్మలేం, ఒక సీసాకూ ఇంకో సీసాకూ తేడా ఉంటుంది. అయోడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే గ్రంథి హార్మోన్ తయారీని కాసేపు ఆపేస్తుంది. 1948లో దీన్ని వివరించినవాళ్ల పేరుతో వోల్ఫ్-చైకాఫ్ ప్రభావం అంటారు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కొద్ది రోజుల్లో దీన్నుంచి తేరుకుంటుంది. హషిమోటో గ్రంథి చాలాసార్లు తేరుకోలేదు, ఉన్న పని కూడా మానేస్తుంది. గడ్డలున్న గ్రంథిలో దీనికి పూర్తి విరుద్ధంగా హార్మోన్ ఎగదన్నవచ్చు. అయోడిన్ లోపం వల్ల వచ్చిన జబ్బుకు అయోడిన్ మందు. ఇది ఆ జబ్బు కాదు.

నాలుగింటిలో కాస్త ఆధారం ఉన్నది సెలీనియమే. రోజుకు 200 మైక్రోగ్రాములతో చేసిన ప్రయోగాల్లో కొన్నిటిలో యాంటీ టీపీఓ యాంటీబాడీలు (గ్రంథి మీద దాడికి గుర్తుగా రక్తంలో కనిపించేవి) తగ్గాయి. అయితే మాత్ర మోతాదు తగ్గుతుందనో నీరసం పోతుందనో నిలకడగా తేలలేదు. యాంటీబాడీ అంకె దిగితే జబ్బు దిగినట్టు కాదు. దాన్ని మూడు నెలలకోసారి కొలిపించుకోవడం డబ్బు దండగ. సెలీనియం కొనసాగించాలనుకుంటే మల్టీవిటమిన్‌లో, జుట్టు గుళికలో ఉన్నది కూడా కలిపి లెక్కపెట్టండి. అమెరికా ప్రమాణాల ప్రకారం అన్నీ కలిపి రోజుకు 400 మైక్రోగ్రాములు దాటకూడదు. బ్రెజిల్ నట్స్ తింటుంటే ఒక్కో గింజలోనే 50 నుంచి 90 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. సెలీనియం ఎక్కువైతే మొదట కనిపించేవి గోళ్లు పెళుసెక్కడం, నోట్లో వెల్లుల్లి వాసన, ఆ తర్వాత జుట్టు రాలడం! జుట్టు కోసం మింగిన గుళికే జుట్టు రాలుస్తుంటే, జనం ఇంకో గుళిక పెంచుతారు.

ఇక మీ అసలు బాధ. టీఎస్‌హెచ్ 2.8 దగ్గర ఉండి నీరసం పోలేదంటే థైరాయిడ్ పక్కన ఇంకేదో ఉందేమో వెతకాలి. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, హీమోగ్లోబిన్, విటమిన్ డీ చూపించుకోండి. హషిమోటో ఉన్నవాళ్లలో పొట్ట గోడ మీద కూడా ఇలాంటి దాడే జరిగి బీ12, ఐరన్ ఒంటబట్టకపోవడం మామూలు కంటే ఎక్కువ. గురక, పగటి నిద్రమత్తు ఉంటే నిద్ర పరీక్ష. హార్మోన్ కుదురుకున్నాక కూడా జుట్టు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఐరన్ అవసరమని తేలితే, థైరాయిడ్ మాత్రకూ దానికీ 4 గంటల ఎడం ఉండాలి. కాల్షియానికీ అంతే. మాత్ర పరగడుపున ఉత్త నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా ముట్టకండి. పొద్దున కుదరకపోతే రాత్రి, తిన్న 3 గంటల తర్వాత వేసుకోవచ్చు.

ఇక ముందు ఏది కలిపినా ఒక్కటే కలపండి. తేదీ రాసుకోండి, 6 నుంచి 8 వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూడండి. నాలుగూ ఒకేసారి మొదలుపెడితే మేలు చేసింది ఏదో, చెడు చేసింది ఏదో ఏ డాక్టరూ చెప్పలేరు.

ప్ర: మా అమ్మకు 58 ఏళ్లు. మూలికా వైద్యం మొదలుపెట్టి లెవోథైరాక్సిన్ పూర్తిగా మానేసింది. మూడు వారాలైంది, ముందుకంటే హుషారుగా ఉంది. ఇంక మాత్ర అక్కర్లేదా?

జ: ఆ హుషారులో చాలావరకు పాత మాత్రదే. లెవోథైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. మూడు వారాలకు కూడా ఎనిమిదో వంతు మిగిలే ఉంటుంది. గ్రంథిలో కొంత సత్తువ ఉంటే అదీ తోడవుతుంది. టీఎస్‌హెచ్ ఎక్కడం, ఒళ్లు చల్లబడటం, మలబద్ధకం, మొహం ఉబ్బడం ఒకదాని వెనక ఒకటి తర్వాత వస్తాయి. అందుకే మాత్ర మానిపించి మొదలుపెట్టే ఏ వైద్యమైనా మొదటి నెల గెలిచినట్టే కనిపిస్తుంది.

ఈ వారమే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించండి. మానేసి 6 వారాలు దాటకపోతే, ఈలోగా గుండెకు సంబంధించిన ఇబ్బంది ఏదీ రాకపోతే, సాధారణంగా పాత మోతాదే తిరిగి మొదలుపెడతారు. గుండె జబ్బు ఉంటే డాక్టరు చెప్పాకే. మూలికా మందులో ఏముందో పొడి పేరుతో కాదు, పదార్థాల జాబితాతో అడగండి. మతిమరపు గందరగోళం, ఎంత లేపినా లేవని మత్తు, ఒళ్లు చల్లబడిపోవడం కనిపిస్తే ఇంట్లో కూర్చోబెట్టకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ప్ర: నాకు టీఎస్‌హెచ్ 6.1 ఉండేది, యాంటీబాడీలు పాజిటివ్. మాత్ర లేకుండా మూడు నెలలు హోమియో వాడాక 3.8కి వచ్చింది. నయమైనట్టేనా?

జ: కొంచెమే పెరిగిన టీఎస్‌హెచ్ ఏ మందూ లేకుండానే దిగిపోవడం తరచూ జరిగేదే. 2, 3 నెలల తర్వాత మళ్లీ చూడకుండా డాక్టర్లు మాత్ర మొదలుపెట్టకపోవడానికి కారణం కూడా అదే. హోమియోకు గ్రంథిని బాగుచేస్తుందన్న ఆధారం లేదు. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 20 ఏళ్లు గమనించిన స్త్రీలలో, టీఎస్‌హెచ్, యాంటీబాడీలు రెండూ పెరిగినవాళ్లు ఏడాదికి 4.3 శాతం చొప్పున పూర్తి హైపోథైరాయిడ్‌లోకి, అంటే హార్మోన్ చాలని స్థితిలోకి, వెళ్లారు. ఏటా ఒకసారి పరీక్ష మానకండి.

ప్ర: హషిమోటోకు గోధుమ పడదని విని రెండు నెలల కిందట మానేశాను. సీలియాక్ పరీక్ష కూడా చేయించుకోవాలా?

జ: మానేయకముందు చేయించుకుని ఉండాల్సింది. గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు హషిమోటో ఉన్నవాళ్లలో మిగతావాళ్ల కంటే ఎక్కువ, కాబట్టి అనుమానం సబబే. పరీక్ష పేరు టీటీజీ-ఐజీఏ, దాంతోపాటు మొత్తం ఐజీఏ కూడా చూడాలి. గ్లూటెన్ తింటున్నప్పుడే ఈ యాంటీబాడీలు రక్తంలో ఉంటాయి. రెండు నెలలు మానాక నెగటివ్ వస్తే దానికి అర్థం లేదు. డాక్టరు సలహాతో కొన్ని వారాలు మళ్లీ తిని పరీక్షకు వెళ్లండి. సీలియాక్ లేదని తేలితే, గోధుమ మానడం వల్ల థైరాయిడ్ బాగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఉందని తేలి మానేస్తే, పేగు కోలుకున్నకొద్దీ మాత్ర బాగా ఒంటబడుతుంది. అప్పుడు మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

ప్ర: క్యాబేజీ, కాలీఫ్లవర్ పూర్తిగా మానేయాలా?

జ: అక్కర్లేదు. ఉడికిస్తే వాటిలోని ఇబ్బంది పెట్టే గుణం చాలావరకు పోతుంది. వైద్య పత్రికలకు ఎక్కిన ఒక కేసులో 88 ఏళ్ల స్త్రీ రోజుకు కిలో నుంచి కిలోన్నర పచ్చి బోక్ చాయ్ (క్యాబేజీ జాతి చైనా ఆకుకూర) నెలల తరబడి తిని ప్రమాదంలో పడ్డారు. మీరు అంత తినరు.

ప్ర: పంది థైరాయిడ్ పొడితో చేసిన మాత్ర ‘సహజం’ కదా, లెవోథైరాక్సిన్‌కు తోడుగా వేసుకోవచ్చా?

జ: తోడుగా వద్దు. అదీ హార్మోనే. 1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారంతో మొదలుపెట్టిన పాత వైద్యానికి వారసురాలు. ఈ మాత్రలను కొలిచే ఒక గ్రెయిన్ మోతాదులో సుమారు 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. అంటే టీ4 నాలుగుకు టీ3 ఒకటి. మనిషి గ్రంథి విడిచే నిష్పత్తి సుమారు 14కు ఒకటి. టీ3 మింగిన 2 నుంచి 4 గంటల్లో రక్తంలో శిఖరానికి చేరుతుంది, దడ వచ్చేది అప్పుడే. డాక్టరు ఒకదాని బదులు ఇంకొకటి రాయవచ్చు, రెండూ కలిపి సొంతంగా కాదు. ‘థైరాయిడ్ సపోర్ట్’ గుళికలతోనూ జాగ్రత్త. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో అలాంటి 10 ఉత్పత్తులను పరీక్షిస్తే తొమ్మిదింటిలో టీ3 దొరికింది.

ప్ర: సర్వాంగాసనం, ఆక్యుపంక్చర్ పనిచేస్తాయా?

జ: నిద్రకు, ఒత్తిడికి, కండరాల నొప్పులకు కొందరికి ఉపకరిస్తాయి. మెడ నొక్కుకుంటే గ్రంథి ఎక్కువ హార్మోన్ చేస్తుందన్నది మాత్రం కల్పన. గ్లకోమా, అదుపులో లేని బీపీ, మెడ ఎముకల నొప్పి ఉన్నవాళ్లు సర్వాంగాసనం వేయకూడదు.

ప్ర: రోజుకొకటి చొప్పున వారానికి 7 లెవోథైరాక్సిన్ మాత్రలు వాడుతూ గర్భం కోసం ప్రయత్నిస్తున్నాను. దాంతోపాటు వాడేవాటిలో ఏవి ఆపాలి?

జ: అశ్వగంధ, కెల్ప్, జంతు థైరాయిడ్ మాత్ర ఇప్పుడే ఆపండి. బిడ్డ మెదడుకు తల్లి నుంచి అందాల్సింది ముఖ్యంగా టీ4, అందుకే గర్భంలో లెవోథైరాక్సిన్ ఒక్కటే రాస్తారు. గర్భిణుల విటమిన్‌లో 150 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటే భయం లేదు. అందులోని ఐరన్, కాల్షియం కోసం 4 గంటల ఎడం మరవకండి. ప్రయత్నించేటప్పుడే టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉందో లేదో చూసుకోండి. గర్భం నిలిచిందని తెలిసిన రోజు నుంచే వారానికి 7 బదులు 9 మాత్రలు, అంటే రెండు రోజులు రెండేసి, వేసుకునేలా డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. మొదటి అపాయింట్‌మెంట్ దాకా ఆగితే విలువైన వారాలు పోతాయి. ఐదో నెల దాకా ప్రతి 4 వారాలకు పరీక్ష చేయిస్తారు. కాన్పు అయ్యాక పాత మోతాదుకు వచ్చి, 6 వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.