పాత ప్రోగ్రాం, కొత్త లినక్స్

ప్రశ్న: విండోస్ 98 కాలంనాటి నిఘంటువు ప్రోగ్రాం ఒకటి నా దగ్గర ఉంది. ఈ మధ్య లినక్స్‌కు మారాను. దానిని ఇందులో నడపడం సాధ్యమేనా?

జవాబు: చాలావరకు సాధ్యమే. 1993లో మొదలైన వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ప్రోగ్రాం విండోస్‌ను కోరే ప్రతి పనినీ అప్పటికప్పుడు లినక్స్ చేయగల పనిగా మారుస్తుంది కనుక, దానికి విండోస్ కాపీ గానీ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే మరో కంప్యూటర్) గానీ అక్కరలేదు. విచిత్రమేమిటంటే, ఇప్పటి 64 బిట్ విండోస్ ససేమిరా అనే 16 బిట్ ప్రోగ్రాములు (విండోస్ 3.1 కాలంనాటివి) సైతం వైన్‌లో తరచుగా నడుస్తాయి. అక్షరాలకు బదులు గళ్లు కనిపిస్తే, ప్రోగ్రాంతో వచ్చిన ఫాంట్లను వైన్ ఫోల్డరులోని సీ డ్రైవులో, విండోస్ కింద ఉండే ఫాంట్స్ ఫోల్డరులోకి కాపీ చేయండి. అయితే వైన్ రక్షణ కవచం కాదు. దానిలో నడిచే ప్రోగ్రాం మీ సొంత ఫైళ్లను కూడా తెరవగలదు. కాబట్టి ఎక్కడినుంచి వచ్చిందో తెలియని ఇన్‌స్టాలర్ జోలికి పోవద్దు.