టెక్ సందేహాలు: ప్రెషర్ వాషర్‌తో తుప్పు వదిలించొచ్చా? రాయి చెక్కొచ్చా?

ప్రశ్న: కారు కడగడానికి 130 బార్ (నీటి ప్రెషర్ కొలత), నిమిషానికి 7 లీటర్ల ప్రెషర్ వాషర్ కొన్నాను. శాండ్‌బ్లాస్టింగ్ కిట్ (నీటి ధారతో పాటు ఇసుకను కొట్టించే పరికరం) తగిలిస్తే గేటు తుప్పు పోతుందా? గ్రానైట్ పలక మీద అక్షరాలు చెక్కొచ్చా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: గేటుకు నిక్షేపంగా పనికొస్తుంది. గ్రానైట్‌కు మాత్రం వద్దు.

ఇసుక పంపులోకి వెళ్లదు. గన్ చివరి హెడ్‌లో నీటి ధార దూసుకెళ్తుంటే ఏర్పడే వాక్యూమే దాన్ని పక్క గొట్టంలోంచి లాగుతుంది. అందుకే హెడ్‌లోని నాజిల్ రంధ్రం మీ 7 లీటర్లకు సరిపోయేదే కొనాలి. పెద్దదైతే ప్రెషర్ పడిపోయి ఇసుక రాదు.

అందరికీ ఎదురయ్యే ఇబ్బంది గొట్టం మూసుకుపోవడం. ట్రిగ్గర్ వదలగానే నీరు వెనక్కి కారి ఇసుక ముద్దవుతుంది. ముందు నీళ్లు వదిలి, తర్వాతే గొట్టాన్ని ఇసుకలో గుచ్చండి. ఆపేటప్పుడు ముందు గొట్టం బయటికి తీసి, ఆ తర్వాత ట్రిగ్గర్ వదలండి. గొట్టం కొసన గాలి రంధ్రం ఉంటే అది ఇసుకలో పూడిపోకూడదు.

గోదావరి ఇసుక చౌకని వాడకండి. అందులో సిలికా ఎక్కువ, దాని దుమ్ము సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. తడిలో దుమ్ము తగ్గినా, ఆరాక ఊడ్చేటప్పుడు మళ్లీ లేస్తుంది. తడి లేని గార్నెట్ (గట్టి ఖనిజపు రవ్వ), 30–60 మెష్ (రవ్వ సైజు చెప్పే జల్లెడ కొలత), తీసుకోండి. 25 కిలోల బస్తా అరగంటైనా రాకపోవచ్చు. ఎన్‌95 మాస్కు, ముఖానికి షీల్డు, బూట్లు తప్పనిసరి. ధార చర్మంలోకి దిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అడుగు దూరం నుంచి, ఏటవాలుగా కొట్టండి. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరి కడుగుడు మంచినీళ్లతోనే చేయాలి. ఇనుము మీద ఉప్పు మిగిలితే పెయింటు కింద మళ్లీ తుప్పు లేస్తుంది. కాలువ నీళ్లయితే ఒండ్రు పంపు సీళ్లను తినేస్తుంది కాబట్టి ఫిల్టర్ పెట్టండి. తడి ఇనుము గంటల్లోనే ఎర్రబడుతుంది. బ్లోయర్‌తో ఆరబెట్టి అదే పూట రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసేయండి.

ఇక రాయి. రాయిని కోసే వాటర్‌జెట్ యంత్రాలు 4,000 బార్ దరిదాపుల్లో పనిచేస్తాయి, మీది 130. పైగా నీరు రేణువు దెబ్బను మెత్తబరుస్తుంది. గ్రానైట్ పాలిష్ మసకబారుతుందే తప్ప అక్షరం లోతు రాదు. ఆ పని ఎయిర్ కంప్రెసర్‌తో బ్లాస్టింగ్ చేసే రాతి దుకాణానికి ఇవ్వండి. మార్బుల్ మెత్తన, గట్టిదనం చెప్పే మోస్ కొలతపై 3 మాత్రమే. దాని మీద మందపాటి రబ్బరు స్టెన్సిల్ అంటించి, నిటారుగా కొడితే పైపైన అక్షరాలు వస్తాయి. స్టెన్సిల్ అంచు కాస్త లేచినా నీరు దూరి మొత్తం ఊడిపోతుంది కాబట్టి ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూడండి.