అగ్నిగోళం ఆరిపోయాక

అమ్మలూ,

నిన్న రాత్రి ఆకాశం భగ్గుమని అగ్నిగోళం, అదే బాగా వెలిగే ఉల్క, దూసుకుపోయిందని, ఫోన్ తీసేలోపే ఆరిపోయిందని తెగ బాధపడుతూ రాశావు. ఫోటో పోతే పోనీ. అది వెలిగేదే నాలుగైదు సెకన్లు, ఆ కాస్తసేపూ జేబులు తడుముకుంటే కళ్ళకీ దక్కదు.

ఆరిపోయాక మాత్రం నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆరింది అన్నది ఏ కొమ్మకో స్తంభానికో ఆనవాలు పెట్టుకోవాలి. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ళ ఎత్తో కొలిచి, టైము నిమిషంతో సహా రాసెయ్. ఎవరితోనైనా మాట్లాడటం ఆ తర్వాతే.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. కుర్రతనంలో నేనూ ఒక స్నేహితుడూ అలాంటిదే చూశాం. ఆ వెలుగుకి మా నీడలు గోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి జారాయి. తెల్లారేదాకా అదే కబుర్లు. పొద్దున్నే కాగితం మీద పెట్టబోతే ఎటు నుంచి ఎటు పోయిందో ఇద్దరికీ పొంతన లేదు. ఆకుపచ్చ రంగు నేను చూసిందో, వాడు చెబితే విన్నదో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఇంకోటి, చెవులు రిక్కించుకుని కాసేపు బయటే ఉండు. శబ్దం కిలోమీటరు రావడానికి 3 సెకన్లు పడుతుంది. ఉల్క పేలింది 30 కిలోమీటర్ల పైనైతే మోత చేరేసరికి నిమిషంన్నర, దూరాన్నిబట్టి ఇంకా ఎక్కువ. కిటికీ అద్దం వెనక నుంచి మాత్రం చూడకు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌లో ఉల్క వెలుగు చూసి కిటికీల దగ్గరికి చేరినవాళ్ళున్నారు. వెనకాలే వచ్చిన అదురుకి అద్దాలు పగిలాయి, ఆ ప్రాంతంలో దాదాపు 1500 మంది గాయాలకి వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది.

"ఆ కొండ వెనకే పడింది" అని పరుగెత్తకు. నూరు కిలోమీటర్ల అవతలిది కూడా అలాగే కనిపిస్తుంది. రాయి మిగిలినా చివరి పదిహేను, ఇరవై కిలోమీటర్లు వెలుగు లేకుండానే పడుతుంది. అర నిమిషం పైగా నింపాదిగా, ముక్కలు ముక్కలుగా సాగితే అది ఉల్క కాదు, శాటిలైట్ తుక్కు అయ్యుంటుంది.

ఇప్పటికైనా మించిపోలేదు. నిన్న నిలబడ్డ చోటికే వెళ్ళి కొలిచి, ఉల్కలు చూసినవాళ్ళ వివరాలు సేకరించే ఇంటర్నేషనల్ మీటియోర్ ఆర్గనైజేషన్ వాళ్ళకి పంపు. వేర్వేరు ఊళ్ళ వాళ్ళు చెప్పినవి కలిపి దారి లెక్కగడతారు. తమ్ముడు కూడా చూశాడన్నావుగా, వాణ్ణి వేరే కాగితం మీద రాయమను. నీది చూపించకు.

తాతయ్య